రంగు మార్చిన ట్రాన్స్‌ఫార్మర్ కారు బొమ్మ చేతికొస్తే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మన వైజాగ్‌లో షిప్పుల మీద పనిచేసినోళ్ల ఇళ్లల్లో పాత ట్రాన్స్‌ఫార్మర్ కార్లు, అంటే తిప్పితే రోబోగా మారే బొమ్మ కార్లు ఇంకా ఉంటాయి, సింగపూర్ నుంచో జపాన్ నుంచో పిల్లల కోసం తెచ్చినవి, ఇప్పుడా పిల్లలు పెద్దోళ్లై ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీంచి దిగుతుంటాయి. అందులో కొన్నిటికి ఎవరో ఎప్పుడో మళ్లీ రంగు వేసి ఉంటారు. రంగు వేశారని తెలియగానే చాలామంది వద్దని పక్కన పెట్టేస్తారు, ఇంకొంతమంది అదేదో రేర్ పీస్ అనుకుని డబ్బులు పోసేస్తారు, రెండూ తొందరపాటే. రంగు ఎవరు వేశారు, దేన్ని దాచడానికి వేశారు అనేది తేలితే రేటు దానంతట అదే తేలుతుంది. కాబట్టి బొమ్మ చేతిలోకి రాగానే కడగొద్దు, తుడవొద్దు, ముందు చూడండి, ఎందుకంటే మీకు కావాల్సిన ఆధారాలన్నీ ఆ మురికిలోనే ఉంటాయి.

సమస్య: నెట్‌లో ఫొటో ఎర్రగా ఉంది, నా దగ్గరున్నది తెల్లగా ఉంది

ఇది అసలు రీపెయింటే కాకపోవచ్చు. హాస్‌బ్రో అనే అమెరికా బొమ్మల కంపెనీ 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదలుపెట్టినప్పుడు కార్లు కొత్తగా తయారు చేయలేదు, జపాన్‌లో టకారా వాళ్లు డయాక్లోన్, మైక్రోమ్యాన్ అనే పేర్లతో అమ్ముతున్న బొమ్మల్ని తీసుకుని పేర్లు మార్చారు. ఒకే మోల్డ్‌ని (అచ్చుని) రెండు మూడు రంగుల్లో అమ్మడం అప్పట్నుంచే ఉంది. 1984లో వచ్చిన సైడ్‌స్వైప్ అనే బొమ్మ ఎర్ర లంబోర్గిని కౌంటాక్, అదే బండి 1985లో తెలుపు, ఎరుపు కలిపి పైన లైట్లు పెట్టుకుని రెడ్ అలర్ట్ అయింది. ప్రౌల్, బ్లూస్ట్రీక్, స్మోక్‌స్క్రీన్ అనే రోబోలు ముగ్గురూ ఒకే డాట్సన్ ఫెయిర్‌లేడీ కారు, చిన్న చిన్న భాగాలే తేడా. తర్వాత వచ్చిన మాస్టర్‌పీస్ లైన్‌లో కూడా ఇదే పద్ధతి, ఎంపీ-12 లాంబోర్ (సైడ్‌స్వైప్‌కి జపాన్ పేరు) అయితే ఎంపీ-14 రెడ్ అలర్ట్. అందుకని ముందు మోల్డ్ ఏదో తేల్చుకోండి, పేరు తర్వాత.

ఇంక తేల్చేదెలా అంటే ప్లాస్టిక్ లోపలి రంగు చూడాలి. కంపెనీ రంగు మార్చిందంటే ఎక్కువగా ప్లాస్టిక్కే వేరే రంగులో పోస్తుంది, కాబట్టి స్క్రూ గుంటల్లోపల, చక్రాల వెనక, డోర్ లోపలి వైపు, చెయ్యి మడిచే చోట టార్చ్ వేసి చూస్తే పైన ఉన్న రంగే లోపలా కనిపిస్తుంది. పైన తెలుపు, లోపల ఎరుపు ఉందంటే ఎవరో తర్వాత వేసినట్టే. కానీ రెండు చోట్ల మోసపోకండి. ఒకటి, పాత కార్లలో కొన్ని భాగాలు జింక్ కలిసిన లోహంతో పోసినవి, వాటికి కంపెనీ రంగే పైన వేస్తారు, గీత పడితే బూడిద రంగు మెటల్ కనిపించడం మామూలే (అయస్కాంతం పెట్టి మెటల్ ఉందో లేదో చూస్తానంటే కుదరదు, జింక్‌కి అయస్కాంతం అంటుకోదు). రెండు, 2007 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా తర్వాత వచ్చిన పసుపు కమారో కారు లాంటి వాటిలో అద్దాలు, టాప్ కలిపి ఒకే పారదర్శక ప్లాస్టిక్ ముక్కగా పోసి, టాప్ వరకు కంపెనీయే పసుపు రంగు వేయడం చాలా ఎక్కువ, అక్కడ రంగు లేస్తే లోపల గాజులా కనిపిస్తుంది, అది చూసి రీపెయింట్ అనేయకూడదు.

ఎవరైనా నీలం రంగు బ్లూస్ట్రీక్ ఉందని ఫోన్ చేస్తే మాత్రం కంగారుగా బయల్దేరకండి. అప్పటి కేటలాగ్ ఫొటోల్లో నీలం రంగు డయాక్లోన్ బొమ్మనే చూపించారు గానీ షాపుల్లోకి వచ్చిన బ్లూస్ట్రీక్ వెండి రంగుది. ఆ కథ తెలిసినోళ్లకి వెండి దాన్ని నీలం చేసి అమ్మడం పెద్ద పని కాదు. పైన చెప్పిన లోపలి రంగు పరీక్ష చేయకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

సమస్య: కారు నుంచి రోబోకి తిప్పుతుంటే పట్టేస్తోంది, డోర్లు పూర్తిగా కూర్చోవట్లేదు

కారణం రంగు మందం. ఈ బొమ్మల్లో భాగాలు చాలా దగ్గర దగ్గరగా జారేలా చేస్తారు, కంపెనీ రంగు పల్చగా, అది కూడా రాసుకునే చోట్ల వదిలేసి వేస్తుంది. ఇంట్లో స్ప్రే డబ్బా కొట్టినోళ్లు అన్ని వైపులా కొట్టేస్తారు. బలం పెట్టి తిప్పితే ముప్ఫై నలభై ఏళ్ల ప్లాస్టిక్ టప్పున విరుగుతుంది, ఆ ముక్క ఎక్కడా దొరకదు, దయచేసి ఆగండి. స్క్రూలు విప్పి, రాసుకునే అంచుల మీద మాత్రమే 1000 నంబరో అంతకన్నా నున్నటిదో వాటర్ పేపర్ (గరుకు కాగితం) తడిపి నెమ్మదిగా రుద్దండి, బయటికి కనిపించే చోటు ముట్టుకోవద్దు. స్టీలు పిన్నుతో బిగించిన కీళ్లని కొట్టి తీయకండి, తిరిగి అంత గట్టిగా కూర్చోవు. కొన్ని కీళ్ల ముక్కలు నున్నగా, కొంచెం సబ్బులా తగులుతాయి, ఆ రకం ప్లాస్టిక్‌కి రంగే పట్టదు, పొరలా లేచొచ్చేస్తుంది, గోటితో తీసేసి అలాగే వదిలేయడం మంచిది.

సమస్య: ముట్టుకుంటే జిగురుగా ఉంది

ఒంటి నిండా జిగురైతే ఎనామెల్ స్ప్రే సరిగ్గా ఆరలేదని. ప్లాస్టిక్ మీద అవి అసలే నెమ్మదిగా ఆరతాయి, దానికి తోడు మన వానాకాలం గాలి. ఒకవైపే, అంటే కవర్ తగిలిన చోటో రబ్బరు టైరు ఆనిన చోటో జిగురుంటే అది రంగు తప్పు కాదు, మెత్తటి పీవీసీ లోంచి నూనె లాంటిది కారి పక్కనున్న ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తోంది. ముందు కవర్లోంచి తీసి గాలాడే చోట, ఎండ తగలకుండా, కొన్ని వారాలు ఉంచండి. అప్పటికీ జిగురు పోకపోతే రంగు తీయడమే.

రంగు తీయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. కనపడని మూల ఇయర్ బడ్‌తో అద్ది చూడండి, రెండు రుద్దుళ్లకే రంగు బడ్‌కి వచ్చేస్తే అది చాలావరకు తర్వాత వేసిన ఎక్రిలిక్. రాకపోతే ఎనామెల్ రంగో లాకర్ రంగో అయ్యుండొచ్చు, కంపెనీదీ అయ్యుండొచ్చు, అప్పుడు ఆపేయాలి. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్, పెట్రోల్ వీటి జోలికి పోవద్దు, ఎసిటోన్ ఈ ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది. క్రోమ్ ముక్కలు, స్టిక్కర్లు, అద్దాలు పక్కకి తీసి పెట్టుకోండి. మెటల్ భాగాలకి అస్సలు వద్దు, పై రంగుతో పాటు కింద కంపెనీ రంగు కూడా పోయే ప్రమాదం ఉంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి.

సమస్య: బాగానే ఉంది గానీ ఎక్కడో అనుమానం

భూతద్దం తీసుకుని గాడుల్లో చూడండి. ఓల్డ్ టౌన్ వైపు ఇళ్లల్లో ఉన్న వస్తువుల గాడుల్లో సన్నటి నల్లధూళి పడుతుంది, ఆ ధూళి రంగు మీద ఉంటే సరే, రంగు కింద ఇరుక్కుని గరుకుగా ఉందంటే కడక్కుండా పైనుంచి కొట్టేశారన్న మాట. తర్వాత స్క్రూలు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉప్పు గాలికి స్క్రూ తలలు తుప్పు పట్టడం సహజం, తుప్పు ఉన్నా పర్లేదు, అన్నీ తుప్పు పట్టి ఒక్కటి మాత్రం తళతళలాడుతుంటే దాన్ని ఎందుకు మార్చారో అడగండి. బొమ్మ మీద అచ్చుపోసిన కంపెనీ కాపీరైట్ ముద్ర అక్షరాలు పూడిపోయినట్టుంటే రంగు మందంగా పడింది, ముద్రే లేకుండా నున్నగా ఉంటే నకిలీ బొమ్మని దాచడానికి రంగు వేశారేమో చూసుకోవాలి, అలాంటప్పుడు కొలతలు తెలిసిన ఒరిజినల్‌తో పక్కపక్కన పెట్టి పోల్చండి.

అన్నిటికన్నా పెద్ద అనుమానం ఎంసీల్. విరిగిన డోరో, రోబో తల మీది కొమ్మో ఎంసీల్‌తో అతికించి లప్పం పెట్టినట్టు నున్నగా చేసి పైన రంగు వేస్తారు. అలాంటి చోట అంచులు పదునుగా ఉండవు, గోటితో తడితే మిగతా చోట్ల వచ్చే చప్పుడు రాదు, నోట్లు చూసే యూవీ టార్చ్ వేస్తే చాలాసార్లు ఆ ముక్క వేరే రకంగా మెరుస్తుంది.

తెల్ల బొమ్మ మొత్తం కొత్తగా తెల్లగా ఉందంటే కింద పసుపెక్కిన ప్లాస్టిక్ ఉండొచ్చు. రంగు తీసేశాక ఆ పసుపుకి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిపి పనిచేస్తాయి, సెలూన్ సామాన్ల షాపులో దొరికే, పెరాక్సైడ్ ఉండే క్రీం డెవలపర్ రాసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ షీటు చుట్టి, చేతికి గ్లవ్స్ వేసుకుని, మధ్యమధ్యలో తిప్పుతూ ఎండలో పెట్టాలి. స్టిక్కర్లు, మెటల్, క్రోమ్ లేకుండా. కొన్నేళ్లకి పసుపు మళ్లీ రావొచ్చు, అది కొనేవాళ్లకి చెప్పాలి. 1980ల చివర్లోనూ ఆ తర్వాతా వచ్చిన కొన్ని బొమ్మల్లో మెరుపు సుడులు తిరిగిన బంగారు రంగు ప్లాస్టిక్ ఉంటుంది, దానికి రంగు వేసినా వేయకపోయినా తిప్పనే వద్దు, బిస్కెట్‌లా పొడైపోతుంది.

రేటు దగ్గరికొస్తే

కంపెనీ రంగు మార్పు అయితే అది వేరే బొమ్మ, దాని రేటు దానికి. చేయి తిరిగినవాళ్లు చెప్పి మరీ వేసిన కస్టమ్ అయితే పనితనానికి డబ్బివ్వొచ్చు, ఒరిజినల్ రేటు మాత్రం కాదు. విరిగింది దాచిన రంగు అయితే స్పేర్ పార్ట్స్ లెక్కన కొనండి, అందులో మంచి డోరు, మంచి చక్రాలు ఇంకో బొమ్మని బతికిస్తాయి. అమ్మేవాళ్లని "అన్నా, స్క్రూ గుంటల ఫొటో, డోర్ లోపలి ఫొటో, ముద్ర ఫొటో, సగం తిప్పినప్పటి ఫొటో పెట్టండి" అని అడగండి, ఈ నాలుగూ ఇవ్వనంటే వదిలేయండి. ఇంక మీరే అమ్మేటప్పుడు ఏ భాగానికి రంగు వేశారు, ఏది తీశారు, ఏ స్క్రూ మార్చారు అన్నది కాగితం మీద రాసి పెట్టెలో పెట్టి ఇవ్వండి, ఆ బొమ్మ మీ తర్వాత ఇంకో ముగ్గురి చేతులు మారినా ఆ వివరం దాంతోనే వెళ్తుంది.