పేర్లు రెండైతే పుట్టగొడుగు రకాలు రెండేనా? పళ్లెంలో పరీక్షించే పద్ధతి

విశాఖపట్నంలో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచేవారిలో చాలామంది, ఇద్దరు ముగ్గురు అమ్మకందారుల దగ్గర వేర్వేరు పేర్లతో స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) కొంటే వైవిధ్యం సమకూరినట్టేనని భావిస్తారు. కానీ పేరు మారినంత మాత్రాన జన్యువులు మారవు. 1980 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో హోర్స్ట్ యు1 అనే బటన్ పుట్టగొడుగు సంకర రకం వచ్చాక, మార్కెట్‌లోకి వచ్చిన తెల్ల బటన్ రకాలలో అత్యధికం దాని నకళ్లో, దానికి అతి దగ్గరి బంధువులో అయ్యాయి. అన్ని షెడ్లలోనూ ఒకే వంశం ఉన్నప్పుడు, దానిని లొంగదీసుకున్న తెగులు ఏ షెడ్డునూ విడిచిపెట్టదు.

మీ దగ్గరున్న రెండు రకాలు నిజంగా వేరో కాదో తేల్చుకోవడానికి ముందుగా 200 గ్రాముల బంగాళాదుంపలను ఉడికించి వడగట్టిన నీటిలో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (ఒక చక్కెర), 20 గ్రాముల అగార్ (గడ్డకట్టించే పొడి) కలిపి, మొత్తం లీటరు అయ్యేలా నీరు చేర్చి, ప్రెషర్ కుక్కర్‌లో 15 పౌండ్ల పీడనం వద్ద 20 నిమిషాలు ఉంచి క్రిమిరహితం చేసి, పెట్రీ పళ్లేల్లో (మూత ఉన్న చిన్న గాజు పళ్లేల్లో) పోయాలి. తాజా పుట్టగొడుగును చీల్చి, కాడ గొడుగును కలిసేచోట లోపలి కండను మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో తీసి, ఒక్కో రకాన్ని విడివిడి పళ్లేల్లో పెంచాలి. ఆ పెరుగుదల అంచు నుంచి, ఒక్కో రకానికి ఒకటి చొప్పున కోసిన చిన్న ముక్కలను, ఒకే పళ్లెంలో మూడు సెంటీమీటర్ల ఎడంతో ఉంచాలి. తోడుగా, ఒకే రకానికి చెందిన రెండు ముక్కలతో మరో పళ్లెం పెట్టడం తప్పనిసరి. పోల్చడానికి అదే ఆధారం. దాదాపు 25 డిగ్రీల వేడి కావాలి కనుక మన ఊరి మే నెల ఉక్కలో కంటే డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పని సులువు.

రెండు పెరుగుదలలూ కలుసుకున్నాక తొందరపడకుండా మరో పది, పదిహేను రోజులు ఆగి, పళ్లేన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. మధ్యలో దట్టమైన గట్టు గాని, పలచని ఖాళీ గాని, రంగు మారిన గీత గాని ఉంటే అవి వేర్వేరు రకాలు. గీత లేకుండా కలిసిపోతే బహుశా ఒకటే. దగ్గరి బంధువులు కూడా ఒక్కోసారి కలిసిపోతాయి కాబట్టి ఈ పరీక్షను కనీసం మూడుసార్లు చేసి చూడాలి.

వేరని తేలిన వాటిని గొట్టాల్లో తేదీ రాసి దాచి, పదే పదే తిరగపెంచకుండా ఎప్పటికప్పుడు మాతృ కల్చర్ (మొదట దాచిన పెరుగుదల) నుంచే స్పాన్ చేసుకోవాలి. అన్నింటినీ ఒకే ఫ్రిజ్‌లో పెట్టేయడం మాత్రం పొరపాటు: వరిగడ్డి పుట్టగొడుగు, గులాబీ ముత్యపుచిప్ప కల్చర్లు నాలుగు డిగ్రీల చలికి చచ్చిపోతాయి, వాటికి 15 డిగ్రీలు కావాలి.