ఖాళీ పికప్ బురదలో జారకుండా

పత్తి తీసే రోజుల్లో వాన పడిందంటే నల్గొండ, పాలమూరు నల్లరేగడి బాటల్లో ఖాళీ బొలెరో పికప్ వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి, ఎందుకంటే ఇంజిన్ బరువు ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. నాలుగైదు ఇసుక సంచులు వేయండి. సరిగ్గా వెనక ఇరుసు మీద పెట్టి తాడుతో గట్టిగా కట్టండి, మరీ చివరన పెడితే ముందు భాగం తేలికై స్టీరింగ్ మాట వినదు. పత్తి ఎక్కించేముందు దించేయండి, అదీ లోడే కదా. టైర్లు అరిగిపోయుంటే ఇవన్నీ దండగ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బురదలో రెండో గేర్లో మెల్లగా కదలండి, రేసు ఇస్తే గుంత మనమే తవ్వుకున్నట్టు. గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కానీ తారు రోడ్డు ఎక్కగానే కొట్టించాల్సిందే. ఇరుక్కుంటే చక్రాల కింద పాత గోనె సంచులు వేయండి.