సొంత పడవతో తెరచాప నేర్చుకునేవాళ్లకు: ముందు ఆపడం రావాలి

నేను నలభై దాటాక నేర్చుకున్నాను. ఆ వయసులో మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా ముందు ఒకటే చెప్తాను: పడవ ఎలా కదులుతుందా అని దిగులు పడకండి, గాలుంటే అదే కదులుతుంది. ఆపడం నేర్చుకోండి. పిల్లలు నీళ్లలో పడ్డా నవ్వుకుంటూ లేస్తారు. మనకి పడవ కాస్త ఒరగ్గానే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, చేతిలో ఉన్న తాడుని ఇంకా గట్టిగా లాగిపట్టుకుంటాం. పడవ బోల్తా పడేది సరిగ్గా అందుకే.

ఆ తాడే మెయిన్ షీట్. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్‌ని దగ్గరికి లాగేది, దూరంగా పోనిచ్చేది అదే. మొదటి రోజంతా ఈ ఒక్క పనే చేయండి. గాలి పక్కనుంచి, కాస్త ముందువైపుగా తగిలేలా పడవని తిప్పి, తాడు పూర్తిగా వదిలేయండి. చాప జెండాలా రెపరెపలాడుతుంది, పడవ నెమ్మదించి ఆగిపోతుంది. మళ్లీ కొద్దికొద్దిగా లాగండి. చాప ముందంచు రెపరెపలు ఆగిన చోట లాగడం ఆపండి, అంతకు మించి అక్కర్లేదు. చాప ఎంత బిగిస్తే అంత వేగం అనుకోవడం పెద్దవాళ్లకి ఉండే భ్రమ. టెన్షన్ వచ్చినప్పుడల్లా చెయ్యి తనంతట తానే తాడు వదిలేదాకా ఇదే సాధన. తాడుని చేతికి చుట్టుకోవద్దు. అది పూర్తిగా జారిపోకుండా చివర ఎనిమిది అంకె ముడి ఒకటి వేసుకోండి, చాలు.

ఒక్క చోట ఈ కిటుకు పనిచేయదు. గాలి వెనకనుంచి తోస్తున్నప్పుడు చాలా పడవల్లో బూమ్, చాప కొయ్యని పక్కలనుంచి పట్టి ఉంచే తాళ్లకి ఆనుకుని అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి ఎంత వదిలినా చాపలో గాలి నిండే ఉంటుంది. ముందు పడవని గాలి పక్కకి వచ్చేదాకా తిప్పాలి, తాడు వదలడం ఆ తర్వాత.

చుక్కాని పిడిని, అదే టిల్లర్‌ని, ఎడమకి నెడితే పడవ కుడికి తిరుగుతుంది. దీని గురించి బుర్రతో ఆలోచించకండి. చాపకి ఎదురుగా, గాలి వచ్చే వైపున కూర్చుంటారు కదా, పిడిని చాపవైపు నెడితే పడవ గాలికి ఎదురు తిరుగుతుంది, మీవైపు లాక్కుంటే గాలినుంచి మళ్లుతుంది. ఇది గుర్తుంటే ఎడమా కుడీ అక్కర్లేదు.

పడవ ఇంకా కొనలేదా? చాలామంది లేజర్ అనే చిన్న పడవ కొనమంటారు. 4.23 మీటర్ల పొడవు, ఒకటే చాప, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మంచి పడవే, కానీ బాగా ఊగుతుంది. కొంటే 7.06 చదరపు మీటర్ల పెద్ద చాప పక్కన పెట్టి, 5.76 ఉన్నదాంతో మొదలుపెట్టండి. పెద్ద వయసు మోకాళ్లకైతే నేను వేఫేరర్ లాంటి వెడల్పు పడవే మేలంటాను. సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే అడుగున బొటనవేలితో నొక్కుతూ పోండి, మెత్తగా లోపలికి పోయే చోటుంటే ఆ పడవ వద్దు.

గాలి 5 నుంచి 8 నాట్లు ఉన్న రోజు చూసుకోండి, అంటే గంటకు సుమారు 9 నుంచి 15 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే చాపమీద తోపు నాలుగు రెట్లవుతుంది, అందుకే సగటుతో పాటు ఉన్నట్టుండి విసిరే గాలి అంకె కూడా చూడాలి. అలల మీద అక్కడక్కడా తెల్లటి నురగ కనిపిస్తుంటే ఇంకా మీ రోజు కాదు. అంతకంటే మోసం చేసేది ఒడ్డునుంచి నీళ్లవైపు వీచే గాలి. చెట్ల చాటున ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, భలే ప్రశాంతంగా ఉందనిపిస్తుంది. కొంచెం లోపలికి పోయేసరికి ఆ చాటు ఉండదు, ఏదైనా విరిగితే గాలి మిమ్మల్ని ఇంకా దూరం తోసుకుపోతుంది. కొత్తవాళ్లు అలాంటి రోజు వెళ్లకూడదు.

ఇక బోల్తా. లైఫ్ జాకెట్ వేసుకుని, లోతు తక్కువ కాని చోట, తోడు ఒకరిని పెట్టుకుని కావాలనే పడెయ్యండి. లోతు చాలకపోతే పడవ పూర్తిగా తిరగబడ్డప్పుడు చాప కొయ్య కొస బురదలో దిగబడుతుంది. పడ్డాక మీద తాళ్లు చుట్టుకోలేదు కదా అని చూసుకోండి. మెయిన్ షీట్ క్లీట్‌లో, అంటే తాడుని బిగించి పట్టే కొక్కెంలో, ఇరుక్కుని ఉంటే విడిపించండి, లేకపోతే పడవ లేస్తూనే మళ్లీ పడుతుంది. ముక్కుని గాలివైపు తిప్పి, అడుగునుంచి పొడుచుకొచ్చిన బోర్డు మీద, మొదలు దగ్గరగా నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలండి. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాపమీది నీళ్లు జారేకొద్దీ కొయ్య మెల్లగా లేస్తుంది, ఆఖర్న ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. బలం కాదు, బరువూ ఓపికా కావాలి. లేపలేకపోతే ఈదుకుంటూ ఒడ్డుకి పోదామని మాత్రం అనుకోవద్దు. తేలే పడవని వదలకండి, వెతికేవాళ్లకి తల కంటే పడవే తొందరగా కనపడుతుంది.

గాలికి నేరుగా ఎదురు ఏ పడవా పోదు, రెండు వైపులా దాదాపు 45 డిగ్రీలు వదిలేసి వంకరలు తిరుగుతూ వెళ్లాలి. తిరిగేటప్పుడు మధ్యలో ఆగిపోయి వెనక్కి జారడం మొదలైతే బూమ్‌నీ, పిడినీ రెండిటినీ మీనుంచి అవతలికి నెట్టండి, ముక్కు పక్కకి మళ్లాక రెండిటినీ లాక్కోండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలివాటు పెట్టుకుంటే అలిసిపోయాక తిరుగు దారి తేలికవుతుంది. గాలి వెనకనుంచి ఉన్నప్పుడు తిరిగే జైబ్ మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి, బూమ్ తలమీదుగా విసురుగా వస్తుంది.

ఎదురుగా ఇంకో తెరచాప పడవ వస్తే, గాలి ఎడమనుంచి తగిలే పడవే తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే వైపునుంచైతే గాలి వచ్చే వైపున్నది తప్పుకుంటుంది. పెద్ద ఓడల దారిలో ఈ లెక్కలు వేయకుండా దూరంగా ఉండండి.

ఒడ్డుకొచ్చాక వెనక అడుగున ఉండే బిరడా తీసి నీళ్లు పోనివ్వండి. ఆ బిరడాని లైఫ్ జాకెట్‌కి కట్టి ఉంచండి, దాన్ని పెట్టకుండా నీళ్లలో దించిన పడవలు నేను చాలానే చూశాను.