పళ్ల వరస, 3వ పాఠం: ముందు పళ్లు కాదు, వెనక దంతం చూడాలి

పోయినసారి టార్చి పట్టుకొని పిల్లల పళ్లు లెక్కపెట్టాం. ఈసారి పై పళ్లు, కింది పళ్లు ఎట్ల కలుస్తున్నాయో చూద్దాం.

"పళ్లు కరిచి చూపియ్యి బిడ్డా" అన్నామనుకోండి, పిల్లలు కింది దవడను ముందుకు జరిపి, ముందు పళ్లు రెండూ అంచుకు అంచు తాకించి చూపిస్తారు. నల్లగొండలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అది నమ్మి "బాగుంది" అని రాసేసేవాణ్ణి. నాలుక కొనను అంగిలి మీద వీలైనంత వెనక్కి ఆనించి, ఉమ్మి మింగి, అట్లనే వెనక పళ్లు కరవమనండి. అప్పుడు దవడ తన చోటికి వస్తుంది.

ఇక చెంచా కాడతో చెంప పక్కకు లాగండి. పాలపళ్ల వరస అయిపోయాక, దాని వెనక ఆరేళ్లకు వచ్చే పెద్ద దంతం ఉంటుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లులు దాన్ని పాలపన్ను అనుకుంటారు, పుచ్చినా "ఊడేదే కదా" అని వదిలేస్తారు. అది ఊడేది కాదు. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా డాక్టరు పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరును మూడు తరగతులుగా విభజించింది ఈ దంతాన్ని చూసే. పై దంతానికి చెంప వైపున్న రెండు మొనల్లో ముందుది, కింది దంతం గాడిలో కూర్చుంటే మొదటి తరగతి. కింది దంతం అంతకంటే వెనకుంటే రెండు, ముందుకుంటే మూడు. మొదటి తరగతిలోనూ ముందు పళ్లు వంకరగా ఉండొచ్చు, అది చోటు చాలక వచ్చిన తిప్పలు.

తర్వాత స్కేలు. పై ముందు పన్ను, కింది దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకుంటే మామూలే. ఎక్కువుంటే పిల్లల చేతివేళ్లు కూడా చూడండి. ఒక బొటనవేలు మాత్రం మిగతావాటికంటే శుభ్రంగా, నాని ముడతలు పడి ఉంటే, వేలు చీకే అలవాటు ఉందని అర్థమైనట్టే. తిట్టొద్దు, రాసుకోండి.

ఎనిమిదేళ్లప్పుడు ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తే టెన్షన్ వద్దు. కోరపళ్లు దిగేసరికి, అంటే పదకొండు పన్నెండేళ్లకు, చాలామందికి అదే మూసుకుంటుంది. కానీ పై పన్ను కింది పన్నుకు లోపలి వైపు పడి, కరిచేటప్పుడు దవడ పక్కకు జారుతుంటే ఆగకుండా డాక్టరుకు చూపించండి.

నల్లగొండ జిల్లాలో, భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు వాళ్లు తరచు అడుగుతారు, "ఫ్లోరైడ్ నీళ్లకే పళ్లు వంకర పోయినయా సార్?" అని. మరకలు నీళ్లవే, వరస మాత్రం దవడ చోటు, అలవాట్లు, వంశం వల్ల. కాకపోతే గార పళ్ల మీద క్లిప్పు గట్టిగా అతకదు. క్లిప్పు అతికే ముందు పన్ను గరుకు చేయడానికి యాసిడ్ పట్టిస్తారు. ఈ పళ్ల పై పొర దానికి తొందరగా లొంగదు కాబట్టి డాక్టరు ఎక్కువసేపు పట్టించాల్సి వస్తుంది.

వచ్చే పాఠానికి ఇంట్లో ఇద్దరి పెద్ద దంతాలు చూసి, కుడి ఎడమలు వేరువేరుగా తరగతి రాసి పెట్టుకోండి. రెండు వైపులా ఒకటే రావాలని లేదు.