క్రోషియా బెడ్‌కవర్ – నాలుగో పాఠం: పాప్‌కార్న్ చదరం

పోయిన పాఠంలో డబుల్ క్రోషే వరుసలు అల్లాం, అంచులు వంకర పోకుండా చూసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి బెడ్‌కవర్‌కు పనికొచ్చే మొదటి చదరం అల్లుదాం. చదునైన అల్లిక మీద బూందీ గింజల్లా లేచే పాప్‌కార్న్ కుట్టే ఇందులో అందం. చూడటానికి పెద్ద పనిలా కనిపిస్తుంది గానీ, డబుల్ క్రోషే వచ్చినవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్క కదలికే.

మంచమంత ముక్కను ఒకేసారి అల్లడం మొదలుపెట్టకండి. సగమయ్యేసరికి ఒళ్లో కిలో పైన బరువు పడుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలంటే ఎవరికైనా విసుగొస్తుంది. చదరమైతే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికిందంటే ఎల్బీ నగర్ చేరేలోపు కొన్ని చుట్లు అయిపోతాయి. తప్పు వచ్చినా ఒక్క చదరమే విప్పుకుంటాం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు పని కూడా ఇలా ముక్కల మీదే నడుస్తుంది. పువ్వులు, ముక్కలు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకు పని చేసేవాళ్లు వేరు. ఆ తల్లుల పనితనాన్ని గౌరవిస్తూ మనం కూడా అదే దారి పడదాం.

దారం సంగతి. నాలుగు పోగుల కాటన్ నిట్టింగ్ దారం, రెండున్నర మిల్లీమీటర్ల సూది తీసుకోండి. యాంకర్ నిట్టింగ్ కాటన్ లాంటిది సరిపోతుంది. అక్రిలిక్ ఊలు చవకే, రంగులు కూడా బాగుంటాయి, కానీ మన ఊరి వేసవికి అది పనికిరాదు. చెమట పీల్చదు, కొన్నాళ్లకు ఉండలు కడుతుంది. ఇన్ని నెలలు కష్టపడి అల్లేది ఏడాది పొడవునా మంచం మీద ఉండాలని నా పట్టుదల. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, బేగంబజార్‌లోనో దారాల దుకాణాల్లో అడిగి చూడండి. ఇప్పుడు మాత్రం వంద గ్రాములే కొనండి. మొత్తం దారం ఎప్పుడు కొనాలో కిందికి వచ్చాక చెప్తాను.

ఇక పాప్‌కార్న్. ఒకే కుట్టులో ఐదు డబుల్స్ వేయండి. సూదికి ఉన్న లూపును కాస్త పొడవుగా లాగి సూది బయటికి తీసేయండి. ఆ ఐదింటిలో మొదటి డబుల్ నెత్తిన, ముందు వైపు నుంచి వెనక్కి సూది గుచ్చండి. వదిలేసిన లూపును పట్టుకుని అందులోంచి ఇవతలికి లాగండి. ఐదూ ఒక్కచోటికి ముడుచుకుని ముందుకు ఉబ్బుతాయి. వెంటనే ఒక చైన్ వేసి బిగించండి. ఈ బిగింపే ప్రాణం. ఇది వదులైతే రెండు ఉతుకులకే పాప్‌కార్న్ చప్పబడిపోతుంది. లెక్కలో మాత్రం పాప్‌కార్న్ మొత్తం ఒకే కుట్టు. తర్వాతి చుట్టులో దాని నెత్తిన ఉన్న ఆ బిగింపు చైన్‌లోనే డబుల్ వేస్తాం.

వీడియోలు చూస్తూ అల్లేవాళ్లకు ఒక జాగ్రత్త. సూదికి ఒకసారి దారం చుట్టి అల్లే కుట్టునే నేను డబుల్ అంటున్నాను. అమెరికా పద్ధతి ఇదే. బ్రిటిష్ పద్ధతిలో రాసిన పుస్తకాల్లో ఇదే కుట్టు ట్రెబుల్ పేరుతో ఉంటుంది. రెండూ కలిపేస్తే చదరం కొలత మారిపోతుంది.

చదరం మొదలుపెడదాం. నాలుగు చైన్లు వేసి, మొదటి చైన్‌లో స్లిప్ కుట్టుతో (సూది గుచ్చి, దారాన్ని సూది మీదున్న లూపులోంచి కూడా ఒకేసారి లాగేయడం) కలిపి రింగు చేయండి. మూడు చైన్లు వేయండి. చుట్టు మొదట్లో వేసే ఈ మూడు చైన్లు ఎప్పుడూ ఒక డబుల్ కింద లెక్క. రింగులోనే ఇంకో రెండు డబుల్స్ వేయండి. తర్వాత రెండు చైన్లు, మూడు డబుల్స్, ఇలా మూడుసార్లు. చివర రెండు చైన్లు వేసి, మొదటి మూడు చైన్ల కొసలో స్లిప్ కుట్టుతో ముగించండి. పక్కకు మూడేసి డబుల్స్ వచ్చాయి, నాలుగు మూలల్లో రెండు చైన్ల ఖాళీలు వచ్చాయి.

ఇక్కణ్నుంచి మూలల పద్ధతి మారదు. ప్రతి మూల ఖాళీలో రెండు డబుల్స్, రెండు చైన్లు, మళ్లీ రెండు డబుల్స్. పక్కల్లో మాత్రం కింది కుట్టు ఒక్కోదాని మీద ఒక్కో కుట్టు. అలా చుట్టు చుట్టుకీ పక్కకు నాలుగు కుట్లు పెరుగుతాయి. మొదటి చుట్టులో 3, తర్వాత 7, 11, 15, 19, ఆరో చుట్టులో 23. ఈ ఆరు అంకెలు ఒక చీటీ మీద రాసి దారం సంచిలో పెట్టుకోండి. ఏ చుట్టులో లెక్క తప్పినా ఆ చుట్టు పూర్తికాకముందే తెలిసిపోతుంది.

రెండో చుట్టు మొత్తం సాదా డబుల్సే. మూడో చుట్టులో ప్రతి పక్కా కింద ఏడు కుట్లుంటాయి, నడిమిదైన నాలుగో కుట్టు మీద పాప్‌కార్న్ వేయండి. నాలుగో చుట్టులో కింద పదకొండుంటాయి, మూల నుంచి లెక్కపెట్టి నాలుగో కుట్టు మీద ఒకటి, ఎనిమిదో కుట్టు మీద ఒకటి. ఐదో చుట్టులో కింద పదిహేనుంటాయి, ఎనిమిదో దాని మీద ఒకటి. ఆరో చుట్టు మళ్లీ సాదా. ఇప్పుడు పక్కకొకటి చొప్పున నాలుగు వజ్రాలు కనిపిస్తాయి.

చాలామంది తడబడేది చుట్టు మొదలయ్యే చోట. అది మూల దగ్గర ఉండదు, ఒక పక్క మధ్యలో ఉంటుంది. మూడో చుట్టులో మూడు చైన్లు లేచేది ఆ పక్క మూడో కుట్టు మీద, నాలుగో చుట్టులో ఐదో కుట్టు మీద, ఐదో చుట్టులో ఏడో కుట్టు మీద. కాబట్టి నాలుగో చుట్టులో ఆ పక్కకు చెందిన మొదటి పాప్‌కార్న్ చుట్టు చిట్టచివర, ముగించే ముందు వస్తుంది. మర్చిపోయేది అదే. ఇంకోటి, చదరాన్ని ఎక్కడా వెనక్కి తిప్పి అల్లకండి. అన్ని చుట్లూ ముందు వైపే నడిస్తే పాప్‌కార్న్‌లన్నీ ఒకే వైపు లేస్తాయి.

చదరం గిన్నెలా ముడుచుకుంటోందా? ఏదో మూలలో చైన్లు తక్కువ పడ్డాయి, లేదా చెయ్యి బిగుసుకుంది. అంచులు అలల్లా లేస్తున్నాయా? ఎక్కడో ఒకే కుట్టులో రెండు వేశారు.

ఇప్పుడు అసలు లెక్క. ఇలాంటివి నాలుగు, పాప్‌కార్న్ లేకుండా ఆరు చుట్లూ సాదా డబుల్స్‌తోనే ఇంకో నాలుగు అల్లండి. ఎనిమిదింటినీ చల్లటి నీళ్లలో ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి. బాల్కనీ తీగ మీద క్లిప్పులు పెట్టి వేలాడదీయకండి. తడి కాటన్ బరువుకు సాగుతుంది. ఆరాకే కొలవండి.

ఉదాహరణకు చదరం నాలుగున్నర అంగుళాలు వచ్చిందనుకుందాం. క్వీన్ సైజు మంచం 60 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు. రెండు పక్కలా, కాళ్ల వైపూ మూడేసి చదరాలు కిందికి వేలాడాలి. అప్పుడు అడ్డంగా 19, నిలువుగా 20, మొత్తం 380 చదరాలు. వీటిలో మంచం పైభాగానికి వచ్చేవి 13 అడ్డం, 17 నిలువు, అంటే 221. అవి సాదాగానే ఉంచమని గట్టిగా చెప్తాను. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే పాప్‌కార్న్‌లు వీపుకు గుచ్చుకుంటాయి, పిల్లల చెంపల మీద అచ్చులు పడతాయి. వేలాడే 159 చదరాల్లో పాప్‌కార్న్ పెట్టండి. గదిలో అడుగుపెట్టినవాళ్ల కళ్లు పడేదీ అక్కడే.

నాలుగేసి చదరాలను వంటింటి తూకం మీద పెట్టండి. సాదావి నాలుగూ 24 గ్రాములు, పాప్‌కార్న్‌వి నాలుగూ 30 గ్రాములు తూగాయనుకోండి. అప్పుడు మొత్తం సుమారు రెండున్నర కిలోలు. అతుకు పనికీ అంచుకీ ఇంకో 300 గ్రాములు కలపండి. మీ చేతి బిగువును బట్టి అంకెలు మారతాయి, అందుకే మీ చదరాలనే తూచమంటున్నాను. ఆ దారమంతా ఒకేసారి, లేబుల్ మీద ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారమని చెప్పే అంకె) ఉండేలా చూసి కొనండి. లాట్ మారితే తెలుపులో కూడా తేడా పగటి వెలుగులో కనిపిస్తుంది. ఇప్పటి ఎనిమిది చదరాల దారం వేరే లాట్‌ది కావచ్చు కాబట్టి వాటిని దిండు గలీబుకు వాడుకోండి.

ఇంట్లో అత్తాకోడళ్లో, అక్కాచెల్లెళ్లో కలిసి అల్లుతుంటే ఒకరి చదరం ఇంకొకరి చదరం కన్నా కాస్త చిన్నదవడం మామూలే. దానికి టెన్షన్ పడక్కర్లేదు. బిగుతు చెయ్యి ఉన్నవాళ్లు మూడు మిల్లీమీటర్ల సూదితో ఒక చదరం అల్లి, ఉతికి, పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ కలవకపోతే సాదా చదరాలన్నీ ఒకరు, పాప్‌కార్న్‌వి ఒకరు పంచుకోండి. రెండు రకాలూ కలిసే గీత దగ్గర ఉండే కొద్దిపాటి తేడాను అతుకులో సర్దేయొచ్చు.

వచ్చే పాఠానికి కనీసం నాలుగు సాదావి, రెండు పాప్‌కార్న్‌వి ఉతికి ఆరబెట్టినవి దగ్గర పెట్టుకోండి. దారం కొసలు నాలుగు అంగుళాల కన్నా పొట్టిగా కత్తిరించకండి, వాటిని వెనక వైపు దాచే పని కూడా అప్పుడే చేద్దాం.