మైగ్రేన్‌కు చేతి టీఎంఎస్: ఎక్కడ ఆనించాలి, ఎన్ని పల్సులు కొట్టాలి

టీఎంఎస్ అంటే బయటి నుంచి అయస్కాంత క్షేత్రంతో మెదడులో చిన్న కరెంటు పుట్టించడం. తల వెనక ఆనించి బటన్ నొక్కితే ఒక్కో పల్స్ (క్షణకాలపు అయస్కాంత తాకిడి) ఇచ్చే సింగిల్ పల్స్ టీఎంఎస్ పరికరం వాడే పద్ధతి ఇది. మైగ్రేన్ కోసం ఈ రకం పరికరానికి అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలి అనుమతి 2013లో వచ్చింది. డాక్టర్ రాసిస్తేనే వాడాలి. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం), మెదడులో క్లిప్పు ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

మైగ్రేన్‌కని అమ్మే, అయస్కాంతం బిళ్లలు కుట్టిన టోపీలు వేరే సంగతి. మెదడులో కరెంటు పుట్టాలంటే అయస్కాంత క్షేత్రం చాలా వేగంగా మారాలి. టీఎంఎస్ పల్స్ బలం సుమారు 0.9 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్), నిడివి ఒక మిల్లీసెకను కూడా ఉండదు. కదలని బిళ్లను నెలల తరబడి తల మీద పెట్టుకున్నా ఆ పని జరగదు. అమ్మేవాళ్లు పల్స్ బలం ఎన్ని టెస్లాలో చెప్పలేకపోతే డబ్బులు పెట్టకండి.

ఎక్కువగా తప్పేది ఆనించే చోటు దగ్గరే. మెడ మధ్య నుంచి వేళ్లతో పైకి తడమండి, గట్టి ఎముక బుడిపె తగులుతుంది. పరికరం వంపు దాని కిందుగా, చర్మానికి అదుముకుని కూర్చోవాలి. కొప్పు విప్పి జుట్టు పక్కకు తీయండి, కొంగో తువ్వాలో అడ్డం ఉంచకండి. వేలెడు ఖాళీ వచ్చినా మెదడుకు అందే బలం బాగా పడిపోతుంది. కమ్మలు, పక్కపిన్నులు, పుస్తెలతాడు ముందే తీసి, ఫోను, ఏటీఎం కార్డు దూరంగా పెట్టండి. నిటారుగా కూర్చుని రెండు చేతులతో పట్టుకోండి. ఠక్కుమని చప్పుడొస్తుంది, భయపడి తల కదల్చొద్దు.

నొప్పి రాకుండా వాడేవాళ్లకు: రోజుకు రెండు పూటలా, పూటకు 2 పల్సులు, 15 నిమిషాలు ఆగి మరో 2. నొప్పి మొదలైతే 3 పల్సులు. తగ్గకుంటే 15 నిమిషాలకు 3, ఇంకో 15 నిమిషాలకు 3. కళ్ల ముందు మెరుపులు మొదలైనప్పుడే కొట్టాలి; తల పగిలిపోయేదాకా ఆగితే ఫలితం తగ్గుతుంది. పూటల లెక్క 8, నొప్పి లెక్క 9, రోజుకు 17 దాటొద్దు. తేదీ, టైము, పల్సులు, ఎంతసేపటికి తగ్గిందో చిన్న పుస్తకంలో రాసి డాక్టర్‌కు చూపండి.

ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా పరికరం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కరెంటు పోయే ఊళ్లలో రాత్రే చార్జింగ్ పెట్టుకోండి. మే నెలలో వరంగల్ ఎండకు నిలబెట్టిన కారులో వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది.