బేస్‌బాల్ మైదానాల యాత్రకు ఎలా సిద్ధం కావాలి?

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. వాటి సొంత మైదానాలన్నింటినీ చూడాలన్న పట్టుదలతో ఏళ్ల తరబడి తిరిగే అభిమానులున్నారు. ఆట ఒక్కటే అయినా మైదానాలు ఒక్కలా ఉండకపోవడమే దీనికి కారణం. పరుగు తీసేవారు తాకాల్సిన బేస్‌ల మధ్య 90 అడుగులు, బంతి విసిరే పిచర్ నిలిచే చోటికీ బ్యాటర్ నిలిచే హోమ్ ప్లేట్‌కూ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు అన్న కొలతలు అంతటా ఒకటే కాగా, బేస్‌లకు ఆవలి భాగమైన ఔట్‌ఫీల్డ్ చివరి గోడల దూరం, ఎత్తు మాత్రం ఊరికో తీరుగా ఉంటాయి. కాబట్టి ఆ మైదానం ఆటను ఎలా మారుస్తుందో ముందుగా తెలుసుకుని, అది కనబడే చోట సీటు, కనబడే కాలంలో తేదీ ఎంచుకోవాలి.

బోస్టన్‌లో 1912లో ప్రారంభమైన ఫెన్‌వే పార్క్‌నే చూడండి. ‘గ్రీన్ మాన్‌స్టర్’ అని పిలిచే ఎడమ వైపు గోడ హోమ్ ప్లేట్‌కు 310 అడుగుల దూరంలోనే ఉన్నా, దాని ఎత్తు 37 అడుగులు. మరో చోట సులువుగా క్యాచ్ అయ్యే బంతి ఇక్కడ గోడ దాటిపోవచ్చు. మరో చోట గోడ దాటి హోమ్ రన్ అయ్యేంత బలంగా, తక్కువ ఎత్తులో దూసుకెళ్లిన బంతి గోడకు కొట్టుకుని వెనక్కి రావచ్చు. ఇది ఎదురుగా కనిపించాలంటే మొదటి బేస్ వైపు, అంటే కుడి వైపు, సీటు తీసుకోవాలి. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో ఔట్‌ఫీల్డ్ గోడను కప్పిన ఐవీ తీగల్లో బంతి చిక్కుకుంటే బ్యాటర్‌కు రెండు బేస్‌లు ఇస్తారు. అయితే ఏప్రిల్‌లో ఆ తీగలు మోడువారి ఉంటాయి కనుక జూన్ తర్వాత, వీలైతే పగటి ఆటకు వెళ్లడం మేలు. 1988 వరకు అక్కడ ఫ్లడ్‌లైట్లే లేవు.

సీజన్ సాధారణంగా మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరి వరకు సాగుతుంది, ఒక్కో జట్టు సొంత మైదానంలో 81 ఆటలు ఆడుతుంది. జట్లు కొన్నాళ్లు సొంత ఊళ్లో, కొన్నాళ్లు బయట ఆడతాయి కనుక విమాన టికెట్లకంటే ముందు షెడ్యూలు చూసుకోవాలి. మొదటిసారి వెళ్లేవారికి బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్ అనువైనవి, ఎందుకంటే ఇవన్నీ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. వాన వల్ల ఆట వాయిదా పడితే టికెట్ మరో తేదీకి చెల్లినా ప్రయాణికుడికి దానివల్ల ఉపయోగం ఉండదు. కాబట్టి ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం తప్పనిసరి.

గేట్లు తెరిచే వేళకే లోపలికి వెళ్లి, కూర్చునే ముందు మైదానం చుట్టూ ఒకసారి నడవండి. బాల్టిమోర్‌లో 1992లో ప్రారంభమైన క్యామ్‌డెన్ యార్డ్స్‌లో, పాత ఇటుక గిడ్డంగి పక్కనున్న యూటా వీధి నేలపై, హోమ్ రన్ బంతులు పడిన చోట్ల బంతి ఆకారంలో చిన్న లోహపు ఫలకాలు పొదిగారు. తల వంచి నడిస్తే తప్ప అవి కంటబడవు. పిట్స్‌బర్గ్‌లోని పీఎన్‌సీ పార్క్‌కు మాత్రం నడిచి వెళ్లడమే సగం ఆనందమని నా అభిప్రాయం: ఆట రోజున క్లెమెంటే వంతెనపై వాహనాలను ఆపి, నదిని దాటే దారిని ప్రేక్షకులకు వదిలేస్తారు.

చాలా మైదానాల్లోకి బ్యాక్‌ప్యాక్‌లను అనుమతించరు కనుక, రైలు దిగి నేరుగా ఆటకు వెళ్లే ఆలోచన ఉంటే సామాను ఎక్కడ ఉంచాలో ముందే చూసుకోండి.